ఆంకా పాజిటివ్: దోషి సరే, రిపోర్టు సంగతేంటి?

(తిరుపతిలో కిడ్నీ, కీళ్లవాతం జబ్బులున్నవాళ్ల కుటుంబాల కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన సభలో కిడ్నీ వైద్యుడొకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్లున్నారు, వెనకాల మెడికల్ కాలేజీ పిల్లలున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే మాట్లాడటం కొంచెం కష్టమే. పిల్లలూ, తెలిసిందే చెబుతున్నాడనిపిస్తే కాసేపు ఓర్చుకోండి. పెద్దవాళ్లు అర్థం కాని చోట చెయ్యెత్తి ఆపేయండి, నేనేమీ అనుకోను.

ఈమధ్య ఓపీకి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోకముందే ఫోను చూపిస్తున్నారు. అందులో ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు ఉంటుంది. "సార్, ఆంకా పాజిటివ్ అని వచ్చుండాది, నెట్‌లో చూస్తే కిడ్నీలు పోతాయని రాసుండారు" అంటారు. వాళ్లలో కొందరికి అసలు ఆ జబ్బే ఉండదు. ఇంకొందరు నెగెటివ్ రిపోర్టు చేతబట్టుకుని ధైర్యంగా వస్తారు. వాళ్లలో ఒక్కోసారి కిడ్నీలు అప్పటికే సగం దెబ్బతిని ఉంటాయి.

నేను ఈరోజు చెప్పదలచుకున్నవి రెండు మాటలు. యాంటీబాడీ అంటే క్రిములతో పోరాడటానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీన్; ఆంకా అనే ఈ యాంటీబాడీ మాత్రం దారితప్పి మన సొంత తెల్లకణాల మీదికే వెళుతుంది, రక్తనాళాలను నిజంగానే పాడుచేస్తుంది, అందుకు గట్టి రుజువులున్నాయి. అయినా సరే, రిపోర్టులో దాని అంకె చూసి జబ్బు ఉందనో లేదనో, పెరిగిందనో తగ్గిందనో తేల్చకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు కదా అనిపిస్తుంది. ఎలా పొసగుతాయో చూద్దాం.

ఆంకా తెచ్చే జబ్బు వాస్క్యులైటిస్ అనేదాంట్లో ఒక రకం. వాస్క్యులైటిస్ అంటే రక్తనాళం గోడ వాచిపోవడం. వాచిన గోడ చిట్లవచ్చు, లోపల రక్తం గడ్డకట్టవచ్చు, ఆ నాళం ఏ భాగానికి రక్తం తీసుకెళుతోందో ఆ భాగం దెబ్బతినవచ్చు. 1994లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో నిపుణులు కూర్చుని నాళాల సైజును బట్టి ఈ జబ్బులను విడదీశారు, 2012లో ఆ పట్టికను సవరించారు. పెద్ద నాళాలకు వచ్చేవాటిలో మన దేశంలో ఎక్కువగా చూసేది టకయాసు జబ్బు. వయసులో ఉన్న ఆడపిల్లకు ఒక చేతిలో నాడి అందదు, రెండు చేతుల్లో బీపీ రెండు రకాలుగా ఉంటుంది. దాన్ని పట్టివ్వడానికి పనికొచ్చే యాంటీబాడీ పరీక్ష ఏదీ ఇప్పటికి లేదు. కాబట్టి టకయాసు ఉన్నవాళ్లు ఆంకా పరీక్ష చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. మధ్య సైజు నాళాలను వదిలేద్దాం. నేను చెప్పేదంతా చిన్న నాళాల గురించి: కిడ్నీలో వడపోసే కుచ్చులు, ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల చుట్టూ ఉండే కేశనాళికలు, ముక్కు లోపలి పొర, చర్మం, నరాలకు రక్తమిచ్చే సన్న నాళాలు.

ఒకామె వస్తుంది, యాభై దాటిన మనిషి అనుకోండి. "మూడు నెలలుగా ముక్కులో పక్కులు కడతా ఉండాయి సార్, రక్తం పడతా ఉంది, చెవి దిబ్బడగా ఉంది" అంటుంది. చెవి ముక్కు గొంతు డాక్టరు సైనస్ అన్నారు. తర్వాత కీళ్లనొప్పులు మొదలై కళ్లు ఎర్రబడ్డాయి, బరువు తగ్గింది. ఎవరో చికున్‌గున్యా తర్వాత వచ్చిన నొప్పులన్నారు. ఆపైన దగ్గులో రక్తం పడింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో గుంత కనిపించింది. మన దేశంలో దగ్గులో రక్తం, ఎక్స్‌రేలో గుంత కనిపిస్తే ఏమంటారు? టీబీ అంటారు. అందులో తప్పులేదు, ఎక్కువసార్లు అది టీబీయే. కానీ కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కపోయినా, రెండు నెలల మందులకు మనిషి ఇంకా నీరసించిపోతున్నా, ఒక్కసారి మూత్రం పరీక్ష చేద్దామని ఎవరికీ తోచదు. చేసుంటే అందులో ఎర్రకణాలు, ప్రోటీన్ కనిపించేవి. నాకు బాధ కలిగించేది అదే. చవకైన పరీక్ష చేయకుండా ఖరీదైన పరీక్షలన్నీ చేస్తాం.

సరే, ఈ యాంటీబాడీ ఎక్కడ దొరికిందో చెబుతాను. 1982లో ఆస్ట్రేలియాలో డేవిస్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు ఒక రకం కిడ్నీ జబ్బున్న ఎనిమిది మందిని పరిశీలించారు. వాళ్ల రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలకు అంటుకునే యాంటీబాడీ కనిపించింది. దోమల ద్వారా వచ్చే వైరస్ వల్లేమో అనుకున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1985లో నెదర్లాండ్స్, డెన్మార్క్ వైద్యులు కలిసి, అప్పట్లో వెగెనర్ జబ్బు అని పిలిచేదానిలో అదే యాంటీబాడీ ఉందని చూపించారు. అప్పుడు ప్రపంచమంతా వెతకడం మొదలుపెట్టింది. వెగెనర్ అనే ఆ జర్మన్ డాక్టరుకు నాజీలతో ఉన్న సంబంధాలు తర్వాత బయటపడ్డాయి, 2011లో ఆ పేరు తీసేసి గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజియైటిస్ అని పెట్టారు. పలకడానికి నోరు తిరగని పేరు, జీపీఏ అంటే చాలు.

ఆంకా అంటే యాంటీ న్యూట్రోఫిల్ సైటోప్లాస్మిక్ యాంటీబాడీ. న్యూట్రోఫిల్ లోపల సన్న గుళికల్లాంటివి ఉంటాయి, క్రిములను చంపే రసాయనాలు వాటిలో నిల్వ ఉంటాయి. వాటిలో రెండు ప్రోటీన్లు మనకు ముఖ్యం. ఒకటి ప్రోటినేస్ 3, దాన్ని పీఆర్3 అంటారు. రెండోది మైలోపెరాక్సిడేజ్, ఎంపీఓ. ఆంకా ఈ రెండింటిలో ఏదో ఒకదాని మీదికి వెళుతుంది. పీఆర్3 మీదికి వెళ్లే ఆంకా ఉన్నవాళ్లలో ముక్కు, సైనస్, ఊపిరితిత్తులు ఎక్కువ దెబ్బతింటాయి, జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువ. ఎంపీఓ మీదికి వెళ్లేది ఉన్నవాళ్లలో కిడ్నీల మీద దెబ్బ ఎక్కువ, అదీ చాలాసార్లు చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఉత్తర యూరప్‌లో పీఆర్3 ఎక్కువ కనిపిస్తే, జపాన్, చైనాల్లో ఎంపీఓ ఎక్కువ.

ఇక్కడ పిల్లలకు ఒక సందేహం రావాలి. ఆ ప్రోటీన్లు కణం లోపల ఉన్నాయి, యాంటీబాడీ బయట రక్తంలో తిరుగుతోంది. రెండూ ఎలా కలుసుకున్నాయి? మామూలుగా కలవవు. మనిషికి జలుబో, ఏదో ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు శరీరంలో టీఎన్ఎఫ్ లాంటి సంకేత రసాయనాలు పెరుగుతాయి. వాటితో న్యూట్రోఫిల్ సగం మేల్కొంటుంది, లోపలి పీఆర్3ను, ఎంపీఓను తన పైపొర మీదికి తెచ్చుకుంటుంది. అప్పుడు ఆంకా వచ్చి ఒక చివరతో ఆ ప్రోటీన్‌ను, ఇంకో చివరతో అదే కణం మీదున్న గ్రాహకాన్ని, అంటే యాంటీబాడీ తోక తగులుకునే కొక్కేన్ని, పట్టుకుంటుంది. దాంతో కణం పూర్తిగా రెచ్చిపోయి లోపలున్నదంతా బయటికి కక్కేస్తుంది. తన డీఎన్‌ఏను కూడా వలలా బయటికి విసురుతుంది, ఆ వలకు మళ్లీ ఇవే ప్రోటీన్లు అంటుకుని ఉంటాయి.

దీపావళికి ఊరి బయట మైదానంలో కాల్చాల్సిన బాణసంచా బండి ఇరుకు సందులో ఉండగానే అంటుకుంటే ఏమవుతుంది? టపాసులు మంచివే, పండగ కోసం తెచ్చినవే. కాలిపోయేది మాత్రం సందుకు రెండు పక్కలా ఉన్న గోడలు. కేశనాళికలో న్యూట్రోఫిల్‌కు జరిగేది ఇదే. అది క్రిమి ఉన్న చోటికి వెళ్లి పేలాల్సింది. దారిలోనే, తను నలుగుతూ దూరుతున్న సన్న నాళంలోనే పేలింది. కిడ్నీ, ఊపిరితిత్తి ముందు దెబ్బతినడానికి ఒక కారణం అక్కడ ఇలాంటి ఇరుకు నాళాలు లెక్కలేనన్ని ఉండటం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యాంటీబాడీ దొరికినంత మాత్రాన దోషి అనెయ్యలేం. జబ్బు వల్ల కణాలు చితికి, లోపలి ప్రోటీన్లు బయటపడి, వాటికి యాంటీబాడీ తర్వాత పుట్టి ఉండవచ్చు కదా. పైగా కిడ్నీ ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే మరో చిక్కు ఎదురవుతుంది. శరీరం తన మీదికే యాంటీబాడీలు తయారుచేసుకునే లూపస్‌లోనో, ఇంకో యాంటీబాడీ జబ్బులోనో కిడ్నీ ముక్క నిండా యాంటీబాడీలు పేరుకుని మెరుస్తూ కనిపిస్తాయి. ఆంకా జబ్బులో దాదాపు ఏమీ కనిపించవు. యాంటీబాడీ జబ్బు అంటారు, దెబ్బతిన్న చోట యాంటీబాడీ లేదు! దీని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది.

మొదటి రుజువు 1990లో వచ్చింది. రోగుల ఆంకాను గాజుపాత్రలో న్యూట్రోఫిల్స్ మీద వేస్తే అవి రెచ్చిపోయాయి. అది ల్యాబులో జరిగిన సంగతి కదా అన్నారు. 2002లో చాపెల్ హిల్ బృందం ఎలుకల్లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో తప్పించుకునే దారి లేదు. ఎంపీఓ జన్యువు లేని ఎలుకలను తీసుకున్నారు. వాటికి ఎంపీఓ అంటే పరాయి పదార్థం. దాన్ని ఎక్కించగానే అవి దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేశాయి. ఆ యాంటీబాడీని ఒక్కదాన్నే తీసి, మామూలుగా ఎంపీఓ ఉన్న వేరే ఎలుకలకు ఎక్కించారు. వాటికి కిడ్నీ జబ్బు వచ్చింది, మనుషుల్లో చూసే నెలవంకల్లాంటి గాయాలతో సహా. వాటిలో కొన్నింటికి సొంతంగా యాంటీబాడీ చేసుకునే శక్తే లేదు. అంటే జబ్బు తెచ్చింది బయటి నుంచి ఎక్కించినదే. కిడ్నీలో యాంటీబాడీ ఎందుకు పేరుకోలేదన్న చిక్కు కూడా దీంతో కొంత వీడింది. అది నాళం గోడకు అంటుకోదు, న్యూట్రోఫిల్‌కు అంటుకుంటుంది, ఆ కణం పేలిపోగానే జాడ చెదిరిపోతుంది.

మనుషుల్లో ఇలాంటి ప్రయోగం చేయకూడదు. కానీ 2004లో ప్రచురితమైన ఒక కేసులో ప్రకృతే అది చేసింది. తల్లికి ఎంపీఓ ఆంకా జబ్బు ఉంది. యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వెళతాయి, మామూలుగా అది బిడ్డకు మేలే. ఈ బిడ్డకు మాత్రం పుట్టగానే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, కిడ్నీ ఇబ్బంది వచ్చాయి. చికిత్సతో కోలుకున్నాడు. అలాగని ఆంకా ఉన్న ప్రతి తల్లికీ ఇలా జరుగుతుందని కాదు, ఎందరో తల్లులకు ఆరోగ్యంగా పిల్లలు పుట్టారు. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి మొహం చూసి ఈ మాట చెబుతున్నాను.

అయితే కథ ఒకవైపే లేదు. పీఆర్3కి అంత నమ్మదగ్గ ఎలుకల ప్రయోగం కుదరలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా సున్నితమైన పద్ధతులతో వెతికితే కొద్దిపాటి ఆంకా దొరుకుతుంది. జబ్బున్నవాళ్లలో దాదాపు పదిశాతం మందికి మామూలు పరీక్షలో ఆంకా కనిపించదు. అలాంటి కొందరిలో రక్తంలోని ఇంకో ప్రోటీన్ ముక్క ఆంకాను కప్పేయడం వల్ల పరీక్ష నెగెటివ్ వస్తోందని 2013లో తేలింది. ఆ పరిశోధనలోనే ఇంకోటి కూడా కనిపించింది: అదే ప్రోటీన్ మీద ఒక భాగాన్ని పట్టుకునే ఆంకా హాని చేస్తుంది, ఇంకో భాగాన్ని పట్టుకునేది చేయదు. ల్యాబు రిపోర్టు ఆ తేడా చెప్పదు, మొత్తం కలిపి ఒక అంకె వేస్తుంది. రెండు మాటలు ఎలా పొసగుతాయన్న దానికి సగం జవాబు ఇది.

మిగతా సగం ఏమిటంటే, ఆంకా ఒక్కటే చాలదు. ముందు చెప్పిన ఇన్ఫెక్షన్ లాంటి రెచ్చగొట్టేది కావాలి. దానికి తోడు, క్రిములను చంపడంలో సాయపడటానికి రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు కావాలి. 2007లో ఎలుకల్లో కాంప్లిమెంట్‌లోని సీ5ను తీసేస్తే, ఆంకా ఎక్కించినా కిడ్నీ జబ్బు రాలేదు. న్యూట్రోఫిల్ కక్కిన పదార్థాల వల్ల సీ5ఏ అనే ముక్క పుడుతుంది, అది ఇంకొన్ని న్యూట్రోఫిల్స్‌ను పిలిచి రెచ్చగొడుతుంది, అవి ఇంకా కక్కుతాయి. ఈ చక్రాన్ని ఆపడానికే అవకోపాన్ అనే మాత్ర వచ్చింది. 331 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది చివర జబ్బు అదుపులో నిలిచినవాళ్లు అవకోపాన్ వైపు దాదాపు 66 శాతం, స్టెరాయిడ్ వైపు 55 శాతం. ఆంకాను కాకుండా దాని తర్వాతి మెట్టును ఆపినా జబ్బు మీద పని జరుగుతోందంటే, ఆంకా అంకెకూ జబ్బు తీవ్రతకూ ముడి ఎంత వదులో చూడండి.

దీనికి తలకిందులుగా ఇంకోటి. ప్లాస్మా మార్పిడి చేసి యాంటీబాడీని రక్తంలోంచి తీసేస్తే రోగి బాగుపడాలి కదా? 704 మందితో చేసిన పెద్ద అధ్యయనం 2020లో వచ్చింది. మరణాలూ, డయాలిసిస్ దాకా వెళ్లేవాళ్లూ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కిడ్నీ పొర మీదికే నేరుగా వెళ్లే యాంటీ జీబీఎం అనే ఇంకో యాంటీబాడీ జబ్బులో మాత్రం ఇదే ప్లాస్మా మార్పిడి తప్పనిసరి చికిత్స. రెండూ యాంటీబాడీ జబ్బులే, కానీ ఒకే చికిత్స రెండు చోట్లా ఒకలా పనిచేయలేదు. అదే అధ్యయనంలో స్టెరాయిడ్ మోతాదు త్వరగా తగ్గించినా నష్టం లేదని, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తగ్గాయని తెలిసింది. నా దృష్టిలో మన రోగులకు పనికొచ్చే ఫలితం అదే.

చికిత్స గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. 1958లో ఒక బ్రిటిష్ వైద్యుడు చికిత్స లేని రోజుల లెక్క రాశాడు. వెగెనర్ జబ్బు ఉన్నవాళ్లలో 82 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. 1970లలో అమెరికాలో ఫౌచీ, వుల్ఫ్ అనే వైద్యులు సైక్లోఫాస్ఫమైడ్ అనే కేన్సర్ మందును స్టెరాయిడ్‌తో కలిపి వాడి ఆ కథ మార్చారు. ఆ ఫౌచీ పేరు కోవిడ్ రోజుల్లో మీరంతా విన్నదే. 2010లో రిటుక్సిమాబ్ అనే మందు కూడా ఈ జబ్బుకు పనిచేస్తుందని తేలింది. అది యాంటీబాడీలు తయారుచేసే కణాలకు పైమెట్టులో ఉన్న బీ కణాలను తుడిచేస్తుంది. అది ఇచ్చేముందు హెపటైటిస్ బీ పరీక్ష, టీబీ పరీక్ష చేయించాలి. డాక్టరు మరిచిపోతే మీరే గుర్తుచేయండి.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలున్నాయి, రాయి కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు ఉన్నారు. సిలికా దుమ్ము పీల్చేవాళ్లలో ఆంకా జబ్బు ఎక్కువని వేర్వేరు దేశాల అధ్యయనాలు చూపించాయి. రాయి పనిచేసేవాడికి దగ్గు వస్తే టీబీ, లేదంటే సిలికోసిస్, అంటే రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అని ఆగిపోతున్నాం. మూత్రం కూడా చూడాలి. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు.

మందుల వల్ల కూడా ఆంకా రావచ్చు. థైరాయిడ్‌కు ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకి ఇచ్చే హైడ్రలజీన్ అలాంటివి. మీరు వాడుతుంటే భయపడి ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడండి. టీబీలో, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో కూడా ఒక్కోసారి ఆంకా పాజిటివ్ వస్తుంది. ఇది మాత్రం ప్రమాదకరమైన సంగతి. కవాటం మీద క్రిములుండగా కాగితం చూసి స్టెరాయిడ్ ఇస్తే మనిషి చనిపోవచ్చు. జ్వరం ఉందా, గుండెలో మర్మరం (అదనపు చప్పుడు) ఉందా, రక్తంలో క్రిముల కోసం చేసే కల్చర్ ఏమంటోంది, ఇవి చూశాకే కాగితం.

వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు చెబుతాను.

"నా ఆంకా నలభై నుంచి నూటయాభైకి పెరిగింది, జబ్బు తిరగబెట్టినట్టేనా?" అవునని చెప్పలేం. పెరిగినా ఏళ్ల తరబడి బాగున్నవాళ్లున్నారు, పెరగకుండానే తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు. పెరిగితే నేను మందు మార్చను, మిమ్మల్ని త్వరగా మళ్లీ రమ్మంటాను. మూత్రంలో ఎర్రకణాలు, కిడ్నీ ఎలా వడపోస్తోందో చెప్పే రక్తంలోని క్రియాటినిన్, ఛాతీ చూస్తాను. క్రియాటినిన్ కూడా ఆలస్యంగా మేల్కొంటుంది, వడపోత సగం పోయేదాకా పెద్దగా కదలదు. మూత్రం ముందే చెబుతుంది. ఇంకో మాట, వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చకండి, కిట్లు వేరు.

"మా పిల్లలకు వస్తుందా?" 2012లో జన్యువుల మీద పెద్ద అధ్యయనం జరిగింది. పీఆర్3 జబ్బుకూ, ఎంపీఓ జబ్బుకూ వేర్వేరు జన్యు సంబంధాలు కనిపించాయి. కానీ అవి మొగ్గు చూపేవే, వంశపారంపర్యంగా దిగే జబ్బు కాదిది. పిల్లలకు ముందుజాగ్రత్తగా ఆంకా పరీక్ష చేయించకండి.

"పథ్యం ఏమైనా ఉందా?" స్టెరాయిడ్ వాడినన్నాళ్లు ఉప్పు, తీపి తగ్గించండి. ఆకుపసర్లు, భస్మాలు వద్దు, కిడ్నీ ఇప్పటికే అలిసి ఉంది. టీకాలు రిటుక్సిమాబ్‌కు ముందే వేయించుకోవడం మంచిది, తర్వాత కొన్ని నెలలు టీకా సరిగా పట్టదు.

చివరిది, తిరుపతిలో తప్ప ఇంకెక్కడా అడగరనుకుంటాను. "మొక్కు ఉంది, అలిపిరి మెట్లు ఎక్కి కొండకు నడిచి వెళ్లొచ్చా? గుండు కొట్టించుకోవచ్చా?" గుండుకు అభ్యంతరం లేదు, కొత్త బ్లేడు వేశారో లేదో చూసుకోండి, గాటు పడితే చీము పట్టకుండా చూసుకోండి. నడక సంగతి జబ్బు అదుపులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి. రక్తం బాగా తగ్గి ఉన్నా, ఊపిరితిత్తి ఇంకా మానకపోయినా ఇప్పుడు వద్దు, బస్సులో వెళ్లండి. ఆర్నెల్లుగా బాగుంటే వెళ్లండి, కానీ స్టెరాయిడ్ వాడినవాళ్లకు తొడ కండరాలు సడలి ఉంటాయి, ఎముకలు పలచబడి ఉంటాయి. ముందు కొన్ని వారాలు ఇంటి దగ్గర మెట్లెక్కి అలవాటు చేసుకోండి. మాత్రలు లగేజీ కౌంటర్లో ఇచ్చే సంచిలో పెట్టకండి, జేబులో ఉంచుకోండి, ఆ రోజు మోతాదు తప్పకూడదు. దారిలో దగ్గితే రక్తం పడిందా, అక్కడే ఆగి సాయం అడగండి, నేరుగా ఆసుపత్రికి రండి. దర్శనం టికెట్ ఏ టైముకు ఉన్నా సరే.